డెల్ఫీలో మాట్లాడింది ఆవిడే

గ్రీసు వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా మీకు తెలిసుంటే డెల్ఫీ గురించి ఒకసారి అడిగి చూడండి. "అక్కడో పూజారిణి ఉండేదిట. నేలలోంచి వచ్చే పొగ పీల్చి మత్తెక్కి ఏదేదో వాగేదిట. పక్కనుండే పూజారులు దాన్ని పద్యాలుగా కట్టి రాజులకి చెప్పేవాళ్ళుట" అంటారు. కథ అక్కడితో అయిపోతుంది. పొద్దున్నే ఏథెన్స్‌లో బస్సెక్కించి, కొండ చూపించి, రాత్రికి మళ్ళీ దింపేసే ఒక్కరోజు టూరులో వినొచ్చే కథ ఇది. నేనూ ఆ బస్సెక్కాను. నాకూ ఇదే చెప్పారు.

ఈ కథ తప్పని నా వాదన. ఎప్పుడో రెండువేల ఏళ్ళ కిందటి ఆవిడ గురించి తప్పు చెప్తే మనకొచ్చిన నష్టమేంటి అంటారా? ఉంది. ఎందుకంటే ఇది మన ఇళ్ళలో రోజూ వినే కథే. ఆడమనిషి నోట్లోంచి వస్తే అది వాగుడు. అదే మాట పక్కనున్న మగాయన తిరగ చెప్తే సలహా. డబ్బులు పోసి, పిల్లల్ని వెంటబెట్టుకుని, అంత దూరం వెళ్ళి మరీ ఆ పాఠాన్ని ఇంకోసారి చెప్పించుకుని రావడం నాకు నచ్చలేదు.

డెల్ఫీ అంటే ఏంటో తెలియని వాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. ఏథెన్స్ నుంచి సుమారు 180 కిలోమీటర్ల దూరంలో పర్నాసస్ అనే కొండ ఉంది. దాని వాలు మీద అపోలో దేవుడి గుడి. ఇప్పుడు ఆరు స్తంభాలు నిలబెట్టి ఉన్నాయి, మిగతాదంతా పునాది రాళ్ళు. క్రీస్తు పూర్వం ఎనిమిదో శతాబ్దం నుంచి క్రీస్తు శకం నాలుగో శతాబ్దం దాకా, అంటే వెయ్యేళ్ళకి పైగా, ఇక్కడికి జనం ప్రశ్నలు పట్టుకుని వచ్చేవారు. యుద్ధానికి వెళ్ళమంటారా, సముద్రం దాటి కొత్త ఊరు కట్టుకోమంటారా, మాకు పిల్లలెందుకు పుట్టడం లేదు, ఈ కరువు ఎప్పుడు తీరుతుంది... రాజులూ అడిగేవారు, మామూలు మనుషులూ అడిగేవారు. జవాబు చెప్పేది మాత్రం ఒక్క మనిషి. ఆవిడ్ని పిథియా అంటారు. అది పేరు కాదు, పదవి.

ఆవిడ రోజూ చెప్పేది కూడా కాదు. నెలకి ఒక్కరోజు, ఏడో రోజున. చలికాలం మూడు నెలలూ అపోలో ఊళ్ళో ఉండడని వాళ్ళ నమ్మకం కాబట్టి అప్పుడు అదీ లేదు. అంటే ఏడాదికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల కోసం సముద్రాలు దాటి వచ్చి వరసలో నిలబడేవారు. బాగా రద్దీగా ఉన్న కాలంలో ఇద్దరు పిథియాలు వంతులవారీగా కూర్చునేవారట, మూడో ఆవిడ అవసరానికి సిద్ధంగా ఉండేదట.

ఇక మా సంగతి. మా ఆడపడుచు వాళ్ళు జర్మనీలో ఉంటారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు రెండు కుటుంబాలం కలిసి ఏథెన్స్‌లో నాలుగు రోజులున్నాం. డెల్ఫీకి టిక్కెట్లు తీసేటప్పుడు మా ఆడపడుచు, "వదినా, ఆ రోజంతా రాళ్ళే. నీకు బోరు కొడుతుందేమో, హోటల్లో రెస్టు తీసుకోరాదూ?" అంది, ప్రేమగానే. మావారు నా మోకాళ్ళ సంగతి గుర్తు చేశారు. అదీ ప్రేమే అనుకోండి. నేను బీఏ తెలుగు చదివినదాన్ని. పాత రాతి మీద పాత అక్షరం కనిపిస్తే ఆగిపోయే అలవాటు నాకు ఇప్పటిది కాదు. "రాళ్ళు చూడ్డానికేగా ఇంత దూరం వచ్చింది" అన్నాను. నా టిక్కెట్టు కూడా తీశారు.

ముందే చెప్తున్నాను, గైడు ఉండే బస్సు టూర్లంటే నాకు చులకన లేదు. మన లాంటి వాళ్ళకి అదే మేలు. భాష రాకపోయినా పర్వాలేదు, దారి వెతుక్కోనక్కర్లేదు, కారు నడిపే మనిషి మూడ్ చూసుకోనక్కర్లేదు. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళు నలుగురైదుగురు మా బస్సులోనే ఉన్నారు, అందులో ఒకావిడకి డెబ్భై దాటి ఉంటాయి. ఇలాంటి టూరు లేకపోతే ఆవిడ ఆ కొండ ఎక్కేది కాదు. ఇంతమంది ఆడవాళ్ళం ఈ బస్సుల్లోనే వెళ్తున్నాం కాబట్టే ఆ బస్సులో మైకు పట్టుకుని ఏం చెప్తున్నారన్నది నాకు పట్టింది.

మైకులో ఏం చెప్పారంటే, మొదట పొగ కథ. తర్వాత ఒక జోకు. "ఆవిడ చెప్పింది ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆడవాళ్ళ మాట మగవాళ్ళకి అర్థం కాకపోవడం అప్పటి నుంచే ఉందండీ!" బస్సంతా నవ్వింది. మా అమ్మాయి మాత్రం నా మొహంలోకి చూసింది. ఇంకో మాట కూడా చెప్పాలి, ఆ గైడు ఆడమనిషే. యాభై ఏళ్ళుంటాయి. చురుకైన మనిషి, చదువుకున్న మనిషి. ఆవిడ మీద నాకు కోపం లేదు. రోజుకో బస్సు నిండా జనాన్ని నవ్విస్తే కానీ గడవని ఉద్యోగం ఆవిడది. నా కోపం ఆ కథ మీద. ఆడవాళ్ళ చేత కూడా చెప్పించేంత పాతుకుపోయిన కథ అది.

సరే, సాక్ష్యాలు చూద్దాం.

డెల్ఫీ గురించి మనకి తెలిసిన దాంట్లో చాలా భాగం హెరోడోటస్ అనే ఆయన రాసిందే. క్రీస్తు పూర్వం ఐదో శతాబ్దం మనిషి. పిథియాలు ఇంకా ఆ పీట మీద కూర్చుని చెప్తున్న కాలంలో బతికినవాడు. ఆయన రాతలో పిథియా రాజులకి ఎదురుగా, ముఖాముఖి చెప్తుంది. "పిథియా ఇలా అంది" అని రాస్తాడే కానీ, ఆవిడ ఏదో గొణిగితే పూజారి అర్థం చెప్పాడని రాయడు. తర్వాత ఐదారు వందల ఏళ్ళకి ప్లుటార్క్ వచ్చాడు. ఈయన సాక్ష్యం ఇంకా గట్టిది, ఎందుకంటే ఆయన స్వయంగా డెల్ఫీ గుళ్ళో పూజారి. తన కాలపు పిథియా తిన్నగా, మామూలు మాటల్లో చెప్తుందని ఆయన రాశాడు. అసలు ఇదివరకులా పద్యాల్లో ఎందుకు చెప్పడం లేదు అన్న చర్చ మీదే ఒక పుస్తకం రాశాడు.

పద్యాల సంగతి కూడా దాచకుండా చెప్తాను. స్ట్రాబో అనే భూగోళ రచయిత, ఆవిడ పద్యంలోనూ వచనంలోనూ చెప్తుందనీ, వచనంగా చెప్పిన వాటిని గుళ్ళో ఉండే కవులు పద్యాలు కడతారనీ రాశాడు. బాగానే ఉంది. కానీ వచనాన్ని పద్యం చెయ్యడం వేరు, వాగుడికి అర్థం పుట్టించడం వేరు. వ్యాసుడు చెప్తుంటే వినాయకుడు రాశాడు. అంతమాత్రాన భారతం వినాయకుడు కల్పించాడని ఎవరైనా అంటారా? వ్యాసుడి పక్కన రాసేవాడుంటే వ్యాసుడి గొప్ప పెరిగింది. పిథియా పక్కన రాసేవాడుంటే ఆవిడ మాటే లేకుండా పోయింది. ఇదెక్కడి న్యాయం?

ఇక పొగ. నేలలోంచి ఏదో ఆవిరి వస్తుందని ప్లుటార్క్ కూడా అన్నాడు, కాదనను. 1892లో ఫ్రెంచి వాళ్ళు తవ్వకాలు మొదలుపెట్టి గుడి కింద చూస్తే పెద్ద నెర్రె ఏదీ కనపడలేదు, దాంతో పొగ మాట కట్టుకథ అన్నారు. 2001లో కొందరు శాస్త్రవేత్తలు గుడి కింద భూమి పొరల్లో చీలికలు కలుసుకుంటున్నాయనీ, ఊట నీళ్ళలో ఇథిలీన్ లాంటి వాయువుల జాడ ఉందనీ రాశారు. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. ఉందనే అనుకుందాం. గాలిలో ఏదో ఉన్నంత మాత్రాన ఆవిడ చెప్పింది వాగుడు ఎలా అవుతుంది? ఉందా లేదా అన్నది భూమి గురించిన ప్రశ్న. వాగిందా చెప్పిందా అన్నది ఆవిడ గురించిన ప్రశ్న. మైకులో ఈ రెండూ కలిపేశారు.

మరి మత్తెక్కి ఊగిపోయే పూజారిణి బొమ్మ ఎక్కణ్ణించి వచ్చింది? లూకన్ అనే రోమన్ కవి తన కావ్యంలో ఆవిడ్ని అలా ఊగించాడు. తర్వాత ఆ పాత దేవుళ్ళంటే గిట్టని క్రైస్తవ మతాచార్యులు ఇంకా అసహ్యంగా రాశారు. 1978లో జోసెఫ్ ఫాంటెన్‌రోజ్ అనే పండితుడు డెల్ఫీ జవాబులన్నీ వరసపెట్టి పరిశీలించి, పిథియా స్పష్టంగా, తన నోటితో తానే చెప్పేదని తేల్చాడు. ఆ పుస్తకం వచ్చి నలభై ఏళ్ళు దాటింది. బస్సు మైకు దాకా ఇంకా చేరలేదు.

మనకి ఇది అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుళ్ళో బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. ఒక ఆడమనిషి పచ్చికుండ మీద నిలబడి ఆ ఏడాది ఎలా ఉంటుందో చెప్తుంది. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మని వాళ్ళు నమ్మరు. కానీ ఆవిడ ఏదో అరిచిందనీ, మాటలు పక్కనున్న పూజారివనీ ఎవరూ అనరు. అడిగిందానికి ఆవిడే చెప్తుంది, జనం చెవులారా వింటారు. గ్రీసులో ఆవిడకి ఆ పాటి మర్యాద ఎందుకు దక్కకూడదు?

"ఆవిడ జవాబులు తిరకాసుగా ఉండేవి" అన్నదానికి ఉదాహరణగా చెప్పేది క్రీసస్ కథ. మా గైడూ చెప్పింది, కానీ సగమే. లిడియా రాజు క్రీసస్ మహా ధనవంతుడు. పర్షియా మీదికి దండెత్తనా అని అడిగించాడు. దండెత్తితే ఒక గొప్ప సామ్రాజ్యం కూలుతుందని జవాబు వచ్చింది. సంబరంగా వెళ్ళాడు. కూలింది ఆయన సామ్రాజ్యమే. బస్సులో మళ్ళీ నవ్వులు, చూశారా ఎంత గడుసు జవాబో అని.

మిగతా సగం నేను చెప్తాను. క్రీసస్ అంతకు ముందే డెల్ఫీకి పరీక్ష పెట్టాడు. ఫలానా రోజున నేను ఏం చేస్తుంటానో చెప్పండని నలుదిక్కుల గుళ్ళకీ మనుషుల్ని పంపించి, ఆ రోజు ఎవరూ ఊహించలేనట్టుగా తాబేలునీ గొర్రెపిల్లనీ కలిపి కంచు గిన్నెలో, కంచు మూత పెట్టి ఉడికించాడు. ఏం వండుతున్నాడో పిథియా చెప్పేసిందని హెరోడోటస్ కథ. పరీక్ష నెగ్గిన ఆవిడ్నే తర్వాత అసలు ప్రశ్న అడిగాడు. ఓడిపోయాక, నన్ను మోసం చేస్తారా అని మనుషుల్ని పంపి నిలదీయించాడు. అప్పుడు పిథియా ఏమందో తెలుసా? ఏ సామ్రాజ్యమో మళ్ళీ అడగాల్సింది, అడగలేదు, తప్పు నీదే అంది. క్రీసస్ ఆ మాట విని ఒప్పుకున్నాడు కూడా. రాజు ఒప్పుకున్నాడు, టూరు వాళ్ళు ఒప్పుకోవడం లేదు! ఇందులో అర్థం కానిదేముంది? తనకి కావలసింది మాత్రమే విని లేచిపోయే మగవాడు, తర్వాత "నువ్వు సరిగ్గా చెప్పలేదు" అనే మగవాడు. మనం చూడని మనిషా?

ఇంకొకటి. క్రీస్తు పూర్వం 480లో పర్షియా సైన్యం మీదికొస్తుంటే ఏథెన్స్ వాళ్ళు డెల్ఫీకి పరుగెత్తారు. పారిపొమ్మని చెప్పింది పిథియా. అది నచ్చక మళ్ళీ అడిగారు. చెక్కగోడ మిమ్మల్ని కాపాడుతుందని రెండోసారి చెప్పింది. చెక్కగోడంటే ఓడలని థెమిస్టోక్లీజ్ వాదించి నెగ్గాడు, సలామిస్ దగ్గర సముద్రంలో గెలిచారు. థెమిస్టోక్లీజ్ పేరు మైకులో మూడుసార్లు వచ్చింది. చెప్పిన ఆవిడకీ పేరుంది. అరిస్టోనికే. హెరోడోటస్ రాసిపెట్టాడు. ఆ పేరు ఒక్కసారి కూడా రాలేదు. పైథాగరస్ తన నీతిబోధలు చాలావరకు డెల్ఫీ పూజారిణి థెమిస్టోక్లియా దగ్గర నేర్చుకున్నాడని కూడా పాత గ్రంథాల్లో ఉంది. నిజమో కాదో పక్కన పెట్టండి, వాళ్ళవాళ్ళకి అలా అనుకోవడం నామోషీ అనిపించలేదు. పైథాగరస్ సిద్ధాంతం మన పిల్లలందరికీ నోటికొచ్చు. ఈ పేరు ఎవరికి తెలుసు?

ఇంతకీ ఆవిడ ఎవరు? మొదట్లో పెళ్ళికాని పిల్లల్ని కూర్చోబెట్టేవారట. జవాబు కోసం థెస్సలీ నుంచి వచ్చిన ఒకడు ఆ పిల్లని ఎత్తుకుపోయి పాడుచేశాడు. ఆ తర్వాత యాభై దాటిన ఆడవాళ్ళనే పెట్టాలని నియమం చేశారనీ, అయినా పాతరోజుల గుర్తుగా కన్నెపిల్ల బట్టలే కట్టించేవారనీ డయొడోరస్ రాశాడు. తప్పు చేసింది వచ్చినవాడు, నియమం మారింది ఆడవాళ్ళకి. సరే, అది వేరే వ్యాసం. నాకు నచ్చింది ఆ యాభై. ప్లుటార్క్ కాలపు పిథియా ఒక పేద రైతు ఇంట్లో పెరిగింది. చదువు లేదు, విద్యలేవీ రావు, మచ్చ లేకుండా బతికిన మనిషి, అంతే. మన ఊళ్ళో అయితే "పిన్నిగారూ" అని పిలుస్తామే, అలాంటి మనిషి. దేశాలేలేవాళ్ళు అలాంటావిడ మాట కోసం వరసలో నిలబడ్డారు. యాభై దగ్గర పడుతుంటే "ఇంక నీకెందుకులే" అనిపించుకునే మనకి చెప్పాల్సిన మాట ఇదీ. పొగ కాదు.

ఆ కొండ మీద అంతా గొప్పే అని నేననడం లేదు. ప్లుటార్క్ ఇంకో సంగతి రాశాడు, నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. పిథియా లోపలికి వెళ్ళేముందు మేక మీద చన్నీళ్ళు పోసేవారు. అది ఒళ్ళంతా వణికితేనే శకునం మంచిదని లెక్క, లేకపోతే ఆ రోజుకి లేదు. ఒకసారి దూరదేశం నుంచి పెద్దవాళ్ళెవరో వచ్చారు. మేక వణకలేదు. వచ్చినవాళ్ళని ఖాళీ చేతుల్తో పంపలేక పూజారులు బిందెలకి బిందెలు కుమ్మరించి ఎలాగో వణికించారు. ఇష్టం లేకుండానే ఆవిడ లోపలికి దిగింది. మొదటి జవాబుకే గొంతు మారిపోయింది. పెద్దగా అరుస్తూ గుమ్మం వైపు పరుగెత్తి పడిపోయింది. అందరూ భయపడి పారిపోయి, కాసేపటికి వచ్చి ఆవిడ్ని లేవదీశారు. కొద్దిరోజులకే పోయింది.

ఊగిపోయి అరిచే పిథియాని వెనకటివాళ్ళెవరైనా దగ్గరగా వర్ణించారంటే అది ఇదే. ఆవిడ రోజూ చేసే పని అది కాదు, బలవంతం చేస్తే జరిగిన ఘోరం అది. ఈ రోజు నావల్ల కాదన్న మనిషిని, వచ్చినవాళ్ళకి బాగుండదని చెప్పి లోపలికి పంపిస్తే ఏమయిందో అది. జ్వరంతో పడుకున్న ఇల్లాలిని "చుట్టాలొచ్చారు, కాస్త లేవవే" అని పొయ్యి దగ్గరికి పంపడం చూసినవాళ్ళం మనం. ఈ కథ ఏ టూరులోనైనా ఎందుకు చెప్పరు? పది నిమిషాలు కూడా పట్టదు.

ఇంకో చేదు నిజం. జవాబు చెప్పేది ఆడది, కానీ ఆ చోటికి అడగడానికి ఆడవాళ్ళు రాకూడదన్న నియమం ఉన్నట్టు ప్లుటార్కే రాశాడు. మరి వాళ్ళ ప్రశ్నలు? మొగుడో తండ్రో తీసుకెళ్ళి అడగాలి. ఏం అడిగేవారో, ఎంతవరకు అడిగేవారో. గుడి కింద పెద్ద రాళ్ళు ఒకదానికొకటి పొందిగ్గా అతికినట్టున్న గోడ ఒకటుంది, దాని నిండా చిన్న చిన్న అక్షరాలు. శాసనాలు. సుమారు 800 ఉన్నాయి. బానిసల్ని దేవుడికి అమ్మినట్టు చూపించి విడుదల చేసిన పత్రాలు. సొమ్ము బానిస కూడబెట్టుకున్నదే. అందులో ఆడవాళ్ళ పేర్లు బోలెడు. చాలా వాటిల్లో ఒక షరతు, యజమాని బతికున్నంత కాలం దగ్గరే ఉండి చాకిరీ చెయ్యాలని. డబ్బు కట్టింది, కాగితం వచ్చింది, కాగితం కాదు రాతి మీదే చెక్కారు. కానీ చాకిరీ పోలేదు. ఆ గోడ ముందు మా బస్సువాళ్ళు ఫోటోలు దిగారు. గోడ కట్టిన పద్ధతి గొప్పదని, భూకంపాలకి తట్టుకుందని చెప్పి ముందుకి నడిపించారు. అక్షరాల ఊసే లేదు.

మ్యూజియంలో రెండు పెద్ద రాతి విగ్రహాలున్నాయి. మనిషి కన్నా ఎత్తు, బలిసిన భుజాలు. క్లియోబిస్, బిటన్ అనే అన్నదమ్ములని చెప్తారు. వాళ్ళమ్మని పండగ రోజు బండి మీద హేరా గుడికి తీసుకెళ్ళాలి, ఎద్దులు పొలం నుంచి రాలేదు. కొడుకులే కాడి భుజాన వేసుకుని ఎనిమిది కిలోమీటర్లు బండి లాగారు. చూసినవాళ్ళు ఆహా అన్నారు. తల్లి పొంగిపోయి, నా బిడ్డలకి మనిషికి దక్కగలిగిన మంచిదేదో అది ఇమ్మని దేవతకి మొక్కింది. ఆ రాత్రి గుళ్ళోనే పడుకున్న పిల్లలు మళ్ళీ లేవలేదు. అదే మంచి చావని, వాళ్ళు అదృష్టవంతులని కథ. గైడూ అలాగే ముగించింది, "ఎంత గొప్ప వరమో చూడండి" అని. మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుని, "వదినా, మరి తెల్లారి ఆవిడ సంగతేంటి?" అంది. ఆ రోజు మొత్తం మీద నేను విన్న మంచి ప్రశ్న అదే. హెరోడోటస్ ఈ కథలో కొడుకులిద్దరి పేర్లూ చెప్పాడు, తల్లి పేరు చెప్పలేదు.

ఇప్పుడు మీలో కొందరు అనబోయేది నాకు తెలుసు. "ఒక్క పూటలో ఎంతని చెప్తారండీ, టైముండద్దూ?" లెక్క చూడండి. రానూపోనూ ఆరు గంటలు బస్సులోనే. మైకు చేతిలో ఉంది, జనం కదలకుండా కూర్చుని ఉన్నారు. గుడి దగ్గర గంటన్నర, మ్యూజియంలో ముప్పావుగంట. భోజనానికి గంట. తిరిగొచ్చేటప్పుడు అరాఖోవా అనే కొండ ఊళ్ళో షాపింగుకి అరగంట. టైము లేక కాదు. పోస్టుకార్డుల మీద డెల్ఫీ అంటే వేసే గుండ్రటి కట్టడం, మూడు స్తంభాలది, అసలు అపోలో గుళ్ళో లేదు. రోడ్డుకి కింద వైపు అథీనా దేవత ఆవరణలో ఉంది, నడిచి వెళ్ళేంత దూరం. మాకు దాన్ని బస్సు కిటికీలోంచి చూపించారు. షాపుకి అరగంట దొరికింది, అమ్మవారికి దొరకలేదు.

"జనానికి సరదా కథలే కావాలి" అని ఇంకో మాట. తాబేలు కూర కథ సరదాగా లేదా? రాజుని పట్టుకుని తప్పు నీదేనన్న ఆవిడ కథ సరదాగా లేదా? ఆడదాన్ని వెక్కిరిస్తే తప్ప నవ్వు రాదనుకోవడం అలవాటు, అంతకన్నా ఏం లేదు.

"పాతకాలపు వాళ్ళ మూఢనమ్మకాన్ని నువ్వు వెనకేసుకొస్తున్నావు" అంటారేమో. జోస్యం నిజమని నేననలేదు. జోస్యం నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పింది ఎవరన్నది మాత్రం ఇష్టాయిష్టాల సంగతి కాదు. గుడి కట్టించిన వాళ్ళ పేర్లు, కానుకలిచ్చిన వాళ్ళ పేర్లు, రథం తోలేవాడి కంచు విగ్రహం దొరికిన ఏడాది, అన్నీ పొల్లు పోకుండా చెప్పే చోట ఈ ఒక్క విషయంలోనే పొగమంచు ఎందుకు?

కాబట్టి వెళ్ళే వాళ్ళు వెళ్ళండి. డెల్ఫీ చూడాల్సిన చోటే. ఆ లోయ నిండా ఆలివ్ చెట్లు, పైన బూడిదరంగు కొండ, అక్కడ నిలబడితే ఎవరికైనా గొంతు తగ్గుతుంది. మీరు ఎంచుకునే టూరులో మ్యూజియం ఉందో లేదో, కింద అథీనా ఆవరణ దగ్గర దింపుతారో లేదో ముందే అడగండి. బ్యాగులు చూస్తూ కింద కూర్చునే పని ఒప్పుకోకండి, వంతులు వేసుకోండి. పైన నాటకశాల దాకా ఎక్కండి, మోకాళ్ళు నొప్పైతే ఆగి ఆగి ఎక్కండి, గైడు జెండా ముందుకెళ్ళిపోతే పోనివ్వండి, బస్సు ఎన్నింటికో తెలుసుకుంటే చాలు. అక్షరాల గోడ దగ్గర కాసేపు నిలబడండి.

పొగ కథ మొదలుపెట్టినప్పుడు చెయ్యెత్తి అడగండి, "ఆవిడ పేరేంటండీ?" అని. కోపంగా అక్కర్లేదు, మామూలుగానే అడగండి. చెప్తే మంచిది. చెప్పకపోతే మీరే చెప్పండి, పక్క సీట్లో పిల్లలకి వినపడేటట్టు. అరిస్టోనికే అని.